పుస్తకాల సంతలో నాలుగు రోజులు

పుస్తకం వ్రాయడం ఒక ఎత్తు, అచ్చు వేయించడం రెండెత్తులు, అమ్మడం ఏడెత్తులు అని మాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో మేము లేము. సండూరు కొండలను గురించి, కుమారస్వామి గుడిని గురించి, గనుల లారీలు రాకముందు పెద్దలు చెప్పిన ముచ్చట్లను గురించి, బళ్లారి నాటక సమాజాలను గురించి పదేళ్లపాటు రాత్రిళ్లు కూర్చుని వ్రాసుకొన్న ఇరవై రెండు వ్యాసాలు మా దగ్గర ఉన్నవి. వాటిని పుస్తకంగా వేస్తే తెలుగు దేశమంతా ఎదురు వచ్చి కొంటుందని మా నమ్మకం. మా ఇంటామె చీటీ పాట డబ్బు తీసి ఇచ్చింది. ఆ నమ్మకం ఆమెకు ఉన్నదో లేదో మేము అడుగలేదు.

ఐదు వందల ప్రతులకు నలభై వేల రూపాయలు అయినది. వెల 120 రూపాయలని వేయించాము. స్నేహితులకు, బంధువులకు, ఆఫీసులో పెద్దలకు అరవై దాకా ఉచితంగా పంచి పెట్టాము. అందరూ బాగున్నదన్నారు. చదివి అన్నవారు ఎందరో లెక్క వేయకపోవడమే మేలు. మిగిలిన కట్టలు అటక ఎక్కినవి.

అప్పుడు మాకు హావేరి జ్ఞాపకం వచ్చింది. 2023 జనవరి 6, 7, 8 తేదీలలో అక్కడ 86వ అఖిల భారత కన్నడ సాహిత్య సమ్మేళనం జరిగితే చూడబోయాము. వేదికమీద ఉపన్యాసాలు సాగుతూ ఉండగా జనం పుస్తకాల అంగళ్ల మధ్య భుజాలు రాసుకొంటూ తిరుగుతున్నారు. అది గళగనాథుని జిల్లా. వెంకటేశ తిరకో కులకర్ణి అనే ఆ నవలాకారుడు (1869–1942) తన పుస్తకాల మూట తానే నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మినాడని కన్నడిగులు ఈనాటికీ చెప్పుకొంటారు. అంతటివాడికి లేని సిగ్గు మనకెందుకు అనుకొన్నాము. అయితే మన పుస్తకం తెలుగు. తెలుగువారి సంతకే తీసికొని పోవాలి.

తెలుగువారి పుస్తకాల సంత అంటే విజయవాడ. పాఠకులకు, పుస్తకానికి ఆ ఊరు పాత చుట్టమే. ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ 1914లో, అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో, నాటి బెజవాడలోనే జరిగింది. 1989 నుండి అక్కడ కొత్త సంవత్సరం వేళకు పుస్తక మహోత్సవం జరుపుతూ వస్తున్నారు. 2025లో జరిగినది ముప్పయి ఐదవది. ఇందిరాగాంధీ మునిసిపల్ స్టేడియంలో జనవరి 2 నుండి 12 వరకు. పదకొండు రోజులూ ఉండే స్తోమత మాకు లేదు. మూడు రోజులు సెలవు పెట్టి, నూరు ప్రతులు రెండు కట్టలుగా కట్టి, హోసపేటలో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. తెలిసిన ప్రచురణకర్త ఒకరు తమ అంగడిలో బల్ల మూల ఒకటి మాకు ఇచ్చారు. దానికి మా వంతు అద్దె 1500 రూపాయలు.

9వ తేదీ గురువారంనాడు కుర్చీ వేసుకొని, చేతులు కట్టుకొని కూర్చున్నాము. వచ్చినవారు మా పుస్తకంకేసి చూస్తారు, పేరు చదువుతారు, దణ్ణం పెట్టినంత పని చేసి వెళ్లిపోతారు. ఇదేమి మర్యాద అని మొదట సంతోషించాము. సంగతి మధ్యాహ్నానికి తెలిసింది. పుస్తకానికి మేము పెట్టిన పేరు ‘స్కందగిరి సౌరభం’. అట్టమీద గుడి గోపురం. చూసినవారంతా అది స్తోత్రాల పుస్తకం అనుకొంటున్నారు!

సాయంత్రం ఒక ఇల్లాలు వచ్చి పుస్తకం కళ్లకద్దుకొన్నది. “మా అత్తయ్యగారికి సుబ్రహ్మణ్యస్వామి అంటే ప్రాణమండీ. షష్ఠికి చదువుకొంటారు” అని డబ్బు ఇచ్చింది. అందరితోపాటు నూటికి పది తగ్గించి 108 రూపాయలు తీసికొన్నాము. నోరు విప్పి “అమ్మా, ఇది మీరనుకొనే పుస్తకం కాదు” అనవలసినది. అనలేదు. పొద్దుటినుండి రెండే ప్రతులు అమ్మినవి. ఇది మూడవది. ఆమె జనంలో కలిసిపోయేదాకా చూస్తూ ఊరుకొన్నాము.

ఆ రాత్రి బసలో నిద్ర పట్టలేదు. ఆ ముసలమ్మ కళ్లద్దాలు పెట్టుకొని పుస్తకం తెరిస్తే మొదటి పుట మాంగనీసు గనుల సంగతి! మరునాడంతా ఆ ఇల్లాలు తిరిగి వస్తుందేమో, డబ్బు చేతిలో పెట్టి క్షమాపణ చెప్పుకొందామని దారి చూశాము. ఆమె రాలేదు. ఆ రోజు ఐదు ప్రతులు పోయినవి గాని మనసు దానిమీద లేదు.

శనివారం పొద్దున అట్టముక్క ఒకటి తెచ్చి పెద్ద అక్షరాలతో ఇలా వ్రాశాము: “ఇది స్తోత్రముల పుస్తకము కాదు. సండూరు కొండలు, బళ్లారి నాటకాలు, మన పెద్దల ముచ్చట్లు. రెండు పుటలు చదివి చూడండి.” చేసిన తప్పుకు ప్రాయశ్చిత్తంగా వ్రాసిన మాటలవి. చిత్రమేమంటే ఆ బోర్డు చూసి నవ్వుకొంటూ జనం ఆగడం మొదలు పెట్టారు. “బళ్లారి రాఘవ సంగతి ఉందాండీ?” అని ఒకాయన అడిగాడు. ఉన్నది. రాఘవగారు ఉన్నారు, ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావుగారలు ఉన్నారు. ఈ ముగ్గురి పేర్లు మేము అట్ట వెనుక చిన్న అక్షరాలలో దాచిపెట్టి, ముందు మాత్రం సౌరభం వేయించాము. పేరు పాఠకునికోసం పెట్టాలి గాని మన పాండిత్యంకోసం కాదు అన్నది మొదటి పాఠం.

రెండవది కుర్చీ పాఠం. పక్క బల్లవద్ద ఒక పిల్లల కథల రచయిత్రి ఉన్నారు. ఆమె కూర్చోగా మేము చూడలేదు. పిల్లవాడు ఆగితే చాలు, పుస్తకం వాడి చేతిలో పెట్టి తాను మౌనంగా నిలబడేవారు. మేమో, మనిషి ఆగగానే ఇరవై రెండు వ్యాసాల సారాంశం ఏకరువు పెట్టేవాళ్లం. ఆయన పారిపోయేవాడు. “చదవనివ్వండి అన్నయ్యగారూ, పుస్తకం దాని మాట అది చెప్పుకొంటుంది” అని ఆమె మెల్లగా అన్నారు. ఆ తరువాత నోరు కట్టుకొన్నాము.

మూడవది లెక్కల పాఠం. పగలంతా ఒకరి లెక్కలు సరిచూసే మేము మన లెక్క వేసుకోలేదు. ప్రతికి అచ్చు ఖర్చు 80. పుస్తకాల కొట్టువారికి నూటికి 40 కమీషను ఇస్తే 48 పోయి మనకు వచ్చేది 72. అనగా కొట్టులో అమ్మిన ప్రతి పుస్తకానికీ ఎనిమిది రూపాయలు ఎదురు పెట్టుకోవాలి. కొట్టువారిని తప్పు పట్టరాదు. అద్దె, గుమాస్తా జీతం, అమ్మనివి అటకమీద మోసే భారం వారివి. వెల నిర్ణయించేనాడే కొట్టు, తపాలా, ఉచిత ప్రతులు అన్నీ కలుపుకోవలసినది మేము. జేబులో చిల్లర లేక ఒక బేరం, ఫోనులో డబ్బు వేసే క్యూఆర్ కోడు కాగితం బసలో మరచి రెండు బేరాలు పోగొట్టుకొన్నది వేరే సంగతి.

నాలుగో పాఠం మాత్రం మేము మరువలేనిది.

ఆదివారం సాయంత్రం ఒక కాలేజీ కుర్రవాడు వచ్చి బోర్డులో బళ్లారి పేరు చూసి ఆగాడు. “మాది కౌల్ బజారే సార్. ఇక్కడ చదువుకుంటా ఉండా” అన్నాడు. ఆ యాస వినగానే ప్రాణం లేచి వచ్చినట్లయినది. పుస్తకం చేతిలో పెట్టాము. తెరిచి చాలాసేపు చూశాడు. చదువుతున్నాడనుకొన్నాము.

“ఇంట్లో అంతా తెలుగే మాట్లాడుతాం సార్. చదివేది మాత్రం కన్నడమే. ఈ అక్షరాలు సగమే గుర్తు పడతా ఉండా” అన్నాడు. సిగ్గుపడుతూ పుస్తకం బల్లమీద పెట్టబోయాడు.

అతనిని కూర్చోబెట్టి కాగితం తీశాము. రెండు లిపులూ కదంబ, చాళుక్యుల కాలపు ఒకే లిపి బిడ్డలు. గ, జ, బ, మ చూడగానే తెలిసిపోతవి. క, త, శ వంటివి కొన్ని మాత్రం వేరుపడినవి. కన్నడంలో అడ్డగీతలా పడుకొన్న తలకట్టు తెలుగులో టిక్కు పెట్టినట్లు లేస్తుంది. వేరుపడిన అక్షరాలకు పక్కన కన్నడ అక్షరాలు వ్రాసి ఇచ్చాము. అరగంటలో అతడు ‘రాఘవ’ అన్న మాట తానే చదివాడు. పుస్తకం కొన్నాడు. కాగితం మడిచి అందులోనే పెట్టుకొన్నాడు.

నాలుగు రోజులలో అమ్మినవి 39. వచ్చినది 4212 రూపాయలు. బల్ల అద్దె 1500, రైలు, భోజనం, బస కలిపి 2100 పోగా మిగిలినది 612. ఇరవై ప్రతులు ఒక కొట్టులో ఉంచాము. ఐదు గ్రంథాలయాలకు ఇచ్చాము. ముప్పయి ఆరు తిరిగి మాతోనే బండి ఎక్కినవి. ఆ ఇల్లాలి 108 రూపాయలు అమ్మకం కింద వ్రాయబుద్ధి కాక, మన సంఘం పుస్తకాల బీరువా నిధికి జమ కట్టాము.

రాత్రి బండిలో గుంటకల్లు వచ్చేదాకా ఒకటే ఆలోచన. పాఠకుణ్ణి వెదుక్కొంటూ విజయవాడ దాకా పోయాము. మా ఇంట్లో తొమ్మిదవ తరగతి చదివే మా అబ్బాయి ఈ పుస్తకం ఎందుకు చదవలేదు? అడిగితే “చదువుతాలే నాయనా” అనేవాడు. వాడికి తెలుగు చదవడం రాదన్న సంగతి మాకు తెలియనిది కాదు. తలచుకోనిది. 1953లో బళ్లారి తాలూకాలు మైసూరులో కలిసినది మొదలు మన పిల్లలు కన్నడ బడులలో చదువుకొంటున్నారు. అది తగినదే. ఆ అన్నం తింటున్నాము, ఆ భాషను ప్రేమిస్తున్నాము. అయితే బడి ఒక అక్షరం నేర్పితే ఇల్లు రెండవది నేర్పరాదని ఎవరూ అనలేదు. ఆ పని మాది. పదేళ్లు రాత్రిళ్లు కూర్చుని వ్రాసిన మేము పది రాత్రులు వాడిని పక్కన కూర్చోబెట్టుకోలేదు.

ఇంటికి వచ్చిన రాత్రి అబ్బాయిని పిలిచి ఆ అక్షరాల కాగితం వంటిదే ఇంకొకటి వ్రాసి చేతికిచ్చాము. రోజుకు అర పుట అని ఒప్పందం. మూడవ వారంలో వాడు కుమారస్వామి గుడి వ్యాసం ముగించి, “మనం పోయిన దారి ఇందులో తప్పు వ్రాసినావు నాయనా” అన్నాడు. చూస్తే నిజమే. అచ్చయిన పుస్తకంలో తప్పు పట్టిన మొదటి పాఠకుడు వాడు.

మన సంఘంవారికి ఒక విన్నపం. వేరుపడిన అక్షరాల పట్టిక ఒకటి ఈ మాసపత్రిక వెనుక అట్టమీద అచ్చు వేస్తే ఖర్చు పెద్దగా కాదు. రెండవ ముద్రణ అంటూ జరిగితే మా పుస్తకంలోనూ మొదటి పుట అదే. పేరు కూడా మారుస్తాము. అటకమీది కట్టలు తరిగేదాకా ఆ ముచ్చట ఎత్తవద్దని మా ఇంటామె షరతు.