కుక్కర్ మూత మీద చిన్న బిళ్ల

కుక్కర్ మూడో కూత వేసింది. ‘స్టవ్ కట్టెయ్యండర్రా...’ పెరట్లోంచి అమ్మ కేక. పప్పు ఉడికిందా లేదా అన్నదే అప్పుడు అందరి ధ్యాసా. మూత సంగతి ఎవరికి పట్టింది?

ఈసారి చల్లారాక ఆ మూతను ఓసారి తిప్పి చూడండి. విజిల్ పెట్టే గొట్టానికి కాస్త ఎడంగా ఓ చిన్న బిళ్ల బిగించి ఉంటుంది. దుకాణంలో సేఫ్టీ వాల్వ్ అని అడిగితే ఇచ్చేది దాన్నే. అందులో ఉన్న కిటుకు పుట్టింది మాత్రం వంటింట్లో కాదు. ఇంగ్లాండులో పేలిపోయిన ఓ ఆవిరి యంత్రం దగ్గర!

ఆ మాటకొస్తే కుక్కరూ బాయిలరూ దగ్గరి చుట్టాలే. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త లండన్‌లోని రాయల్ సొసైటీ వారికి గట్టిగా మూత బిగించిన పాత్ర ఒకటి చూపించాడు. ఎముకలు కూడా అందులో మెత్తగా ఉడికిపోయేవి. లోపల ఆవిరి ఎక్కువైతే పాత్ర పేలకుండా దానికో వాల్వ్ అమర్చి, మీటతో బరువు మోపాడు. పీడనం హద్దు దాటితే ఆవిరి ఆ బరువును తోసుకుని బయటికి పోతుంది. మన విజిల్ చేసే పనీ అదేగా!

చేపలకెళ్లిన కుర్రాడు

నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు ఎక్కువ చోటు కావాలి. ఆ చోటు దొరక్కుండా మూసిపెడితే గోడల్ని తోస్తుంది. ఇంజిన్‌లో పిస్టన్‌ను నెట్టేదీ, కరెంటు కేంద్రంలో టర్బైన్ రెక్కల్ని తిప్పేదీ ఆ తోపుడే. జేమ్స్ వాట్‌కి మాత్రం ఎక్కువ పీడనమంటే భయం. తన యంత్రాలను తక్కువ పీడనంతోనే నడిపించాడు. కార్న్‌వాల్‌కు చెందిన రిచర్డ్ ట్రెవిథిక్ ఆ భయాన్ని పక్కన పెట్టాడు. పీడనం పెంచితే చిన్న యంత్రంతోనే పెద్ద పని చేయించవచ్చని నిరూపించాడు.

1803 సెప్టెంబరులో లండన్ దగ్గరి గ్రీనిచ్‌లో అతని యంత్రం ఒకటి పనిచేస్తోంది. దాన్ని కనిపెట్టుకుని ఉండాల్సిన కుర్రాడు ఈల్ చేపలు పట్టడానికి వెళ్లాడు. అక్కడే ఉన్న పనివాడు యంత్రాన్నయితే ఆపాడు గానీ, ఆవిరి పోయే దారి మాత్రం తెరవలేదు. బాయిలర్ బద్దలై నలుగురు చనిపోయారు.

ఆ తరవాత ట్రెవిథిక్ ఒక వాల్వ్‌కు బదులు రెండు పెట్టాడు. దాంతోపాటు బాయిలర్‌కు సీసంతో చేసిన బిరడా ఒకటి బిగించాడు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పైన నీళ్లున్నంతసేపూ బిరడా అంత వేడెక్కదు. నీటిమట్టం తగ్గి బయటపడిందా... కరిగిపోతుంది. ఆ కన్నంలోంచి ఆవిరి పొయ్యిలోకి చిమ్మి ప్రమాదాన్ని చాటుతుంది. మనిషి చేపలకెళ్లినా సీసం కాపలా కాస్తుందన్నమాట! బొగ్గు రైలింజన్లలోనూ ఇలాంటి బిరడాలే వాడేవారు. కుక్కర్ బిళ్లలో ఉండేది సీసం కన్నా తక్కువ వేడికే కరిగే మిశ్రమలోహం. నీళ్లు ఇంకిపోయినా, విజిల్ గొట్టం మూసుకుపోయి వేడి పెరిగినా కరిగి దారి ఇస్తుంది.

చట్టాల వెనక చావులు

ఇన్ని ఏర్పాట్లున్నా ప్రమాదాలు ఆగలేదు. అమెరికాలోని బ్రాక్టన్‌లో 1905లో చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. ఆ దేశంలో బాయిలర్ల తయారీకి కచ్చితమైన నిబంధనలు వచ్చింది ఆ తరవాతే. మన దగ్గరా అంతే. 1863లో కలకత్తాలో జరిగిన పేలుడు తరవాతే తనిఖీల చట్టం తెచ్చారు. 1923లో బాయిలర్ల చట్టం చేశారు. దాని స్థానంలో 2025లో కొత్తది వచ్చింది.

కుక్కర్‌లో వేడి సుమారు 120 డిగ్రీలు. ఆధునిక థర్మల్ కేంద్రాల్లోని ఆవిరి 500 డిగ్రీలు దాటి, వాతావరణ పీడనానికి 200 రెట్లకు పైబడిన ఒత్తిడితో పరుగులు తీస్తుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఊంచాహార్‌లో 2017 నవంబరులో జరిగిన బాయిలర్ ప్రమాదం 40 మందికి పైగా కార్మికుల్ని పొట్టనపెట్టుకుంది. అది తాతల కాలం ముచ్చట కాదు.

ఇక మన వంటింటి సంగతి. బిళ్ల పోతే ‘మళ్లీ కొనడం ఎందుకు దండగ’ అని ఆ కన్నంలో మామూలు బోల్టు బిగించేస్తుంటారు కొందరు. బోల్టు కరగదు మరి! ఆ కంపెనీ బిళ్లనే, ఆ మోడల్‌కు సరిపోయేదే అడిగి తెచ్చుకోండి. మూత పెట్టేముందు విజిల్ గొట్టాన్ని వెలుతురుకేసి ఎత్తిపట్టి చూడండి. అవతలి వెలుగు కనిపించకపోతే లోపల నిన్నటి పప్పు ఇరుక్కుని ఉన్నట్టే.