నెల్లాళ్ల అప్ప

సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లవాడికి ముద్ద పెట్టడం చూసినంత తేలిక కాదు. పడుకోబెట్టి పెడితే మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది. వీపుకు ఆనుడు ఇచ్చి, తల వెనక్కి వాలకుండా చూసుకుని, చిన్న ముద్ద పెట్టి, అది గొంతు దిగేదాకా ఆగి, అప్పుడు రెండోది పెట్టాలి. ఒక పూట తిండికి ముప్పావుగంట పట్టినా ఆశ్చర్యం లేదు. ఏ వైపు కూర్చోబెడితే మింగుతాడో, కనుబొమ్మ ముడిస్తే చాలంటున్నాడో దాహమంటున్నాడో రోజూ పెట్టే మనిషికే తెలుస్తుంది. ఆ మనిషి మారితే కథ మళ్లీ మొదటికొస్తుంది. విదేశాల నుంచి వచ్చి, అనాథాశ్రమాల్లో ఉండే వైకల్యమున్న పిల్లలకు సేవ చేసి వెళ్లే యువతీయువకుల గురించి ఆలోచించేటప్పుడు ఈ ముద్ద దగ్గర మొదలుపెట్టడం మంచిది. వాళ్ల మనసును శంకించాల్సిన పని లేదు. వాళ్లు తెచ్చే సాయం ఎవరి చేతికి అందుతోంది, ఎంతకాలం నిలుస్తోంది అన్నదే చూడాలి. పిల్లవాడు ఇంట్లో ఉండగా తల్లి చేతికి అందితే అది అతణ్ని ఇంట్లో నిలబెడుతుంది. ఆశ్రమం గుమ్మంలో మాత్రమే అందితే, ఆ గుమ్మం దాకా మరికొందరు పిల్లలను నడిపిస్తుంది.

యూరప్, అమెరికా, ఆస్ట్రేలియాల్లో చదువుకు, ఉద్యోగానికి మధ్య దొరికిన విరామంలో పేద దేశాలకు సేవకు వెళ్లడం చాలాకాలంగా ఉన్న అలవాటు. కొందరు చర్చి బృందాలతో వస్తారు, కొందరు ఏజెన్సీలకు ఫీజు కట్టి వస్తారు. అమెరికాలో పుట్టి పెరిగిన మన తెలుగు పిల్లలు వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరొచ్చినప్పుడు ఇదే పని చేస్తుంటారు. భారత ఈ-టూరిస్టు వీసా మీద జీతం లేని సేవకు అనుమతి ఉంది గానీ, గడువు నెల రోజులే. శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటారు. నెల రోజులు ఎత్తుకుని, ఆడించి, ఏడుస్తూ వీడ్కోలు చెప్పి వెళ్లే వలంటీరు అమ్మాయి పిల్లవాడికి నెల్లాళ్ల అప్ప. ఆమె వెనకే ఇంకొకరు వస్తారు. మనమూ దీనికి అతీతులం కాదు. పుట్టినరోజు నాడు కేకు, బిర్యానీ పట్టుకుని ఆశ్రమానికి వెళ్లి, పిల్లల మధ్య ఫొటో దిగి వచ్చేవాళ్లు మన ఊళ్లలో ఎందరో. విదేశీయుడు నెల ఉంటాడు, మనం గంట ఉంటాం. పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఇద్దరూ వచ్చిపోయేవాళ్లే.

వచ్చిపోయే మనుషుల మధ్య పెరిగితే ఏమవుతుందో తేల్చడానికి 2000లో రుమేనియా రాజధాని బుకారెస్టులో ఒక అధ్యయనం మొదలైంది. ఛార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, ఛార్లెస్ జీనా అనే శాస్త్రవేత్తలు ఆశ్రమాల్లోని 136 మంది పసిపిల్లలను ఎంచుకుని, చీటీలు తీసినట్టు సగం మందిని పెంపుడు కుటుంబాలకు ఇప్పించారు, మిగతా సగం మందికి మామూలుగా జరిగే ఏర్పాటే జరిగింది. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు తెలివితేటల్లోనూ, మనుషులతో అనుబంధం పెంచుకోవడంలోనూ ముందుకెళ్లారు. చాలా విషయాల్లో రెండేళ్లలోపు వెళ్లినవాళ్లకు ఎక్కువ మేలు జరిగింది. ఇక్కడొక న్యాయమైన సందేహం వస్తుంది. తీవ్రమైన వైకల్యమున్న పిల్లలను ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు కదా, దాని ఫలితాలు వీళ్లకు ఎలా వర్తిస్తాయి? అంకెలు అలాగే వర్తించవు, నిజమే. కానీ తర్కం మరింత గట్టిగా వర్తిస్తుంది. మాటలొచ్చిన పిల్ల కొత్త మనిషికైనా ఆకలేస్తోందని చెప్పుకోగలదు. మాట రాని పిల్ల సైగను చదవడానికి నెలలు పడుతుంది. అలా చదవడం నేర్చిన మనిషి ప్రతి నెలా మారిపోతే, ఎక్కువ నష్టపోయేది ఆ పిల్లే. దెబ్బ తగిలినా, ఎవరైనా చేయకూడని పని చేసినా చెప్పుకోలేని పిల్లలున్న ఇంటికి ముక్కూమొహం తెలియని వాళ్లను వరసగా రానివ్వడంలో ఉన్న అపాయం కూడా చిన్నది కాదు.

అసలు ఈ పిల్లలు అనాథలేనా? 2016–17లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దేశంలోని పిల్లల సంరక్షణ గృహాల లెక్క తీయించింది. 9,589 గృహాల్లో 3.7 లక్షల మందికి పైగా పిల్లలున్నట్టు తేలింది. తల్లిదండ్రులు చనిపోయినవాళ్లు, వదిలేసినవాళ్లు, అప్పగించినవాళ్లు అందరినీ కలిపినా వాళ్లలో దాదాపు 56 వేలే. తల్లో తండ్రో ఒక్కరే ఉన్న పిల్లలు అంతకు రెట్టింపు, 1.2 లక్షల మంది. కంబోడియాలో విదేశీ సందర్శకుల రాక పెరిగిన కాలంలో, 2005 నుంచి అయిదేళ్లలో అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. వాటిలోని పిల్లల్లో నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. యుద్ధమో, కరువో వచ్చి ఒక్కసారిగా అనాథలు పెరిగిన కాలం కాదది. విరాళాలు ఆశ్రమాలకు వచ్చాయి, కాబట్టి పిల్లలూ ఆశ్రమాలకే వచ్చారు. ఇలా డబ్బు కోసం పిల్లలను చేర్పించడాన్ని ఆస్ట్రేలియా 2018లో తెచ్చిన ఆధునిక బానిసత్వ చట్టం సందర్భంగా అక్రమ రవాణాగా గుర్తించింది. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ, అనాథాశ్రమాల్లో వలంటీరు కార్యక్రమాల వల్ల పిల్లలకు జరిగే హానిని అరికట్టాలని తీర్మానంలో సభ్యదేశాలను కోరింది.

ఈ లెక్కను శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి తెచ్చి చూద్దాం. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరి, జీడి తోటల మధ్య దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు మనుషులను తీసుకుపోతోంది. అది ఎక్కువగా పట్టేది పొలం పనిచేసే నడివయసు వాళ్లను, అంటే ఇంటిని మోసేవాళ్లను. దానికి తోడు 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరంలోనే ఒడ్డెక్కి కొబ్బరి చెట్లను కూల్చేసింది. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. మగవాళ్లు చేపల వేటకు గుజరాత్ వెరావల్ దాకా, కూలికి హైదరాబాద్, చెన్నైల దాకా వలస పోతారు. అటువంటి ఇంట్లో నడవలేని పిల్ల ఉందనుకుందాం. భర్తను వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లాల్సిన తల్లి, మిగతా రోజుల్లో పలాసలో జీడిపిక్కల పనికి వెళ్లాల్సిన తల్లి, కూతురిని ఫిజియోథెరపీకి ఏ రోజు తీసుకెళ్తుంది? ఎక్కడో మంచి ఆశ్రమం ఉందని, తిండీ వైద్యమూ అక్కడే చూస్తారని ఎవరైనా చెబితే ఆమె కాదనగలదా? ఆమెకు ప్రేమ తక్కువైందని అనడం అన్యాయం. ఆమెకు తక్కువైంది చేతి సాయం, రోజులో కాస్త తీరిక.

కిడ్నీ రోగుల విషయంలో ఇదే ఉద్దానం ఏం కోరిందో గుర్తు చేసుకుంటే జవాబు సగం దొరుకుతుంది. వాళ్లందరినీ ఒక భవనంలో చేర్చి, పండ్లు పట్టుకుని వచ్చే దాతలకు చూపించమని ఇక్కడ ఎవరూ అడగలేదు. మంచినీళ్లు ఊరికి రావాలని, విశాఖ పరుగెత్తకుండా చికిత్స దగ్గరలోనే దొరకాలని, మంచాన పడినవాడికి ఇంట్లోనే పింఛను అందాలని అడిగారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం వచ్చింది. డయాలసిస్ రోగికి నెలకు 10,000 రూపాయల పింఛను ఇంటికే వస్తోంది. లోపాలున్నా దిశ సరైనదే. రోగిని ఇంటి నుంచి విడదీయకుండా సేవను ఇంటి దగ్గరకు తేవడమన్న న్యాయం పెద్దవాడైన కిడ్నీ రోగికి వర్తించినప్పుడు, నడవలేని ఆరేళ్ల పిల్లకు ఎందుకు వర్తించకూడదు?

చట్టం కూడా అదే చెబుతోంది. వైకల్యం కారణంగా ఏ పిల్లనూ తల్లిదండ్రుల నుంచి వేరు చేయరాదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తొమ్మిదో సెక్షన్ అంటుంది. పిల్ల మేలు కోసం తప్పనిసరైతే కోర్టు ఉత్తర్వు ఉండాలి. తల్లిదండ్రులు చూసుకోలేకపోతే ముందు దగ్గరి బంధువులు, కుదరకపోతే ఆ సమాజంలోనే మరో కుటుంబం, మరీ అసాధారణమైన పరిస్థితిలోనే ఆశ్రయ గృహం అని వరస కూడా చెప్పింది. 2015 బాలల న్యాయ చట్టం సంస్థలో చేర్చడాన్ని ఆఖరి మార్గంగానే చూస్తుంది. ఈ మాటలకు కొంత డబ్బు తోడు కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలు, పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15,000. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద కష్టాల్లో ఉన్న కుటుంబంలోని పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. ఏడాదికి 48,000. అమెరికా నుంచి విశాఖకు రానూపోనూ విమాన టికెట్టు అంతకు తక్కువకు దొరకడం అరుదు. అంటే ఒక వలంటీరు ప్రయాణపు ఖర్చుతో ఒక పిల్ల ఏడాది పొడవునా తన ఇంట్లో ఉండగలదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం బలమైనదే. నిజంగా ఎవరూ లేని పిల్లల సంగతేమిటి? వైకల్యం చూసి పురిట్లోనే వదిలేసిన బిడ్డ, రైల్లో దొరికి ఊరు చెప్పలేని పిల్లవాడు ఉన్నారు కదా. ఉన్నారు. వాళ్లకు నీడ కావాలి, ఆ నీడనిచ్చే సంస్థలు మంచి పని చేస్తున్నాయి. ఫోస్టర్ కేర్ పేరుతో పెంపుడు కుటుంబాల ఏర్పాటు చట్టంలో ఉన్నా, వైకల్యమున్న పిల్లను ఇంటికి తీసుకెళ్లడానికి ముందుకొచ్చేవాళ్లు తక్కువ. 2024లో కేంద్రం మార్గదర్శకాలు మార్చి ఒంటరి స్త్రీపురుషులకూ ఆ అవకాశమిచ్చింది. అయినా కొందరు పిల్లలు సంస్థలోనే పెరుగుతారు. ఇంకెవరూ లేనివాళ్లు కాబట్టే వాళ్లకు మారని ఆయా మరింత అవసరం. దాత డబ్బు ఆ ఆయా జీతానికి, సెలవుకు, శిక్షణకు వెళితే ఆమె పదేళ్లు నిలుస్తుంది. ఉచితంగా పనిచేసే వలంటీర్లు వస్తున్నారు కదా అని ఆయాల సంఖ్య తగ్గిస్తే, ఆ ఉచితం ఖరీదు పిల్లలు కడతారు.

రెండోది నైపుణ్యం మాట. విదేశీ ఫిజియోథెరపిస్టులు, స్పీచ్ థెరపిస్టులు మన దగ్గర లేని విద్య తెస్తారు, వద్దంటామా? అనకూడదు. ఎవరికి నేర్పుతారన్నదే చూడాలి. సోంపేటకు ఈ విషయంలో మంచి అనుభవం ఉంది. కెనడా బాప్టిస్టు మిషన్ డాక్టరు బెన్ గలిసన్ అక్కడి ఆరోగ్యవరం ఆసుపత్రిలో నెల రోజులకు కాదు, దశాబ్దాలకు స్థిరపడి కంటి వైద్యం చేశారు. 1963లో కాల్గరీ నగరంలో ఆయన మాటలు విన్న ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారి ఆపరేషన్ ఐసైట్ సంస్థను నెలకొల్పారు. జెంకిన్స్ సోంపేట వచ్చి రోగులను ఎత్తుకుని ఫొటోలు దిగడం మీద ఆ సాయం నిలబడలేదు. దూరంగా ఉండి డబ్బు కూడగట్టడం మీద, ఇక్కడ ఉండిపోయే వైద్యుల చేతులను బలపరచడం మీద నిలబడింది. వైకల్యమున్న పిల్లల సేవకు భాష ఇంకో గడ్డు పరీక్ష. మెళియాపుట్టి, మందస కొండల్లో సవర, ఇచ్ఛాపురం వైపు ఒడియా, తీరమంతా ఉత్తరాంధ్ర యాస. పిల్లకు మాట నేర్పేవాళ్లు పిల్ల ఇంటి మాట తెలియకుండా ఏం నేర్పుతారు? సవరల చదువు కోసం గిడుగు రామమూర్తి ముందు తాను సవర భాష నేర్చుకుని, ఆ తర్వాత బడులు పెట్టారు. నెల రోజుల్లో అది సాధ్యం కాదు. అదే నెలను, వైకల్యమున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లోనూ ఇళ్ల దగ్గరా చదువు చెప్పే ప్రత్యేక విద్య టీచర్లకు, తల్లులకు శిక్షణగా మలిస్తే, వలంటీరు విమానం ఎక్కాక కూడా ఆ విద్య టెక్కలిలోనో పలాసలోనో మిగులుతుంది. ఊరి వడ్రంగితో ప్రత్యేక కుర్చీ చేయించడం, ముద్ద పెట్టే పద్ధతి, కండరాలు బిగుసుకోకుండా కాళ్లు సాగదీయడం, బొమ్మల పలకతో అవసరం చెప్పుకోవడం ఇలా అందించదగినవే. వెళ్లిన తర్వాత సందేహాలకు వీడియో కాల్‌లో జవాబు చెప్పడానికి వీసా కూడా అక్కర్లేదు.

మూడో అభ్యంతరం ఆచరణది. పిల్లలను కళ్లారా చూస్తేనే జనం డబ్బిస్తారు, రాకపోకలు ఆపితే విరాళాలు ఆగిపోతాయి అంటారు సంస్థల వాళ్లు. ఇందులో నిజముంది. అందుకే మార్పు దాతల నుంచి మొదలవ్వాలి. ఆసుపత్రికి విరాళమిచ్చినవాడు ఆపరేషన్ గదిలోకి రానివ్వమని అడగడు కదా. బాలల న్యాయ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఉందా, పిల్లలు శిశు సంక్షేమ కమిటీ ఉత్తర్వుతోనే చేరారా, ఎంతమందిని తిరిగి ఇంటికి పంపగలిగారు, ఆయాలు ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు అని అడగడం దాత హక్కు. సంరక్షణలో ఉన్న పిల్లలను గుర్తుపట్టేలా ఫొటోలు బయటపెట్టడం అదే చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరమని తెలుసుకోవడం దాత బాధ్యత. ఇక అటువంటి ప్రయాణాలు యువత మనసు మారుస్తాయన్న మాట కూడా వినిపిస్తుంది. మారుస్తాయి, కాదనలేం. అయితే ఒకరి మనసు విశాలం కావడానికి ఇంకొకరి బిడ్డ పాఠ్యపుస్తకం కానక్కర్లేదు. వైకల్యమున్న పెద్దల సంఘాలతో కలిసి పనిచేసినా, బడికి ర్యాంపు కట్టించినా మనసు విశాలమవుతుంది.

వజ్రపుకొత్తూరు నుంచి టెక్కలి దాకా ఏ ఊళ్లోనైనా ఒక ఇంటి అరుగు మీద వీపుకు ఆనుడిచ్చే చెక్క కుర్చీ, అందులో కూర్చుని అన్నం తింటున్న పిల్ల కనిపించాలంటే చాలామంది పని చేయాలి. కుర్చీ కొలతలు నేర్పినవారు ఏ దేశం వారైనా కావచ్చు. డబ్బు డాలస్ నుంచి రావచ్చు, కాశీబుగ్గ బజారు నుంచీ రావచ్చు. ఆ ఇంటికి భవిత టీచరు వారం వారం రావాలి, తల్లి పనికి వెళ్లిన పూట పిల్లను కనిపెట్టుకునే పక్కింటి మనిషికి కాస్త కూలి ముట్టాలి. వీళ్లలో చాలామందిని ఆ పిల్ల ఎప్పటికీ చూడకపోవచ్చు, పేర్లు తెలియకపోవచ్చు. ఆమెకు తెలిసిన చేయి మాత్రం రేపు పొద్దున కూడా ముద్ద కలుపుతుంది.