వార్తల్లో పదం: అడ్హరెన్స్

హెచ్‌ఐవీ వార్తల్లో, ముఖ్యంగా యువత గురించి రాసేటప్పుడు, తరచూ కనిపిస్తున్న మాట ఇది. డాక్టర్ చెప్పిన మందును చెప్పిన మోతాదులో, చెప్పిన వేళకు, మానకుండా వేసుకోవడమే అడ్హరెన్స్.

దీన్ని హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో మాత్రలు లెక్కబెట్టి తేలుస్తారు. రోజుకొకటి చొప్పున వేసుకునే 30 మాత్రల డబ్బా తీసుకెళ్లిన కుర్రాడు 28 రోజులకు తిరిగొస్తే అందులో 2 మిగలాలి. 6 మిగిలాయంటే 28కి 24 వేసుకున్నట్టు, అంటే 86 శాతం. కావాల్సింది 95 శాతం పైన. నెలకు రెండు మాత్రలు తప్పినా లెక్క 93కి జారుతుంది. మందు తరచూ తప్పితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, ఆ మందుకు లొంగని రకంగానూ మారొచ్చు. అయితే మందు పనిచేస్తోందో లేదో చెప్పేది మాత్రల లెక్క కాదు, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష.

అనంతగిరి టీబీ ఆసుపత్రిని ఎరిగిన వికారాబాద్ వాళ్లకు మందు మధ్యలో ఆపితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. టీబీ మందుకు గడువుంటుంది. హెచ్‌ఐవీ మందుకు లేదు.

దేశంలో హెచ్‌ఐవీ మందులు ప్రభుత్వ కేంద్రాల్లో 2004 నుంచి ఉచితం. కాబట్టి యువతకు అడ్డం ఖర్చొక్కటే కాదు. హాస్టల్ గదిలో డబ్బా గలగలమంటే ఎవరైనా అడుగుతారన్న బెరుకు, తాండూరు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో సెలవు అడిగితే కారణం చెప్పాలన్న భయం కూడా అడ్డమే. అనుమతి లేకుండా ఒకరి హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం నిషేధించింది. పని కోసం ఊరు మారేవాళ్లు పేరును అక్కడి కేంద్రానికి బదిలీ చేయించుకోవచ్చు.