ప్రమాద పరిహారం: రచ్చబండ లెక్కలు, కోర్టు లెక్కలు

నారాయణపేట చుట్టుపక్కల రోడ్డు ప్రమాదం జరిగితే పోస్టుమార్టం కాకముందే పరిహారం లెక్కలు మొదలవుతాయి. చావుకు ఇంత వస్తుంది, కాలు పోతే ఇంత వస్తుంది అని చెప్పేవాళ్లు హోటల్ దగ్గర ఒకరు, ఆసుపత్రి గేటు దగ్గర ఇద్దరు దొరుకుతారు. ఆ మాటల్లో కొన్ని ఎప్పుడో పాతబడినవి, కొన్ని మొదటి నుంచీ తప్పే. పాపం వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 168వ సెక్షన్ ‘న్యాయమైన పరిహారం’ ఇవ్వమంటుంది. అది ఎంతో చెప్పదు. చట్టం వదిలేసిన ఆ ఖాళీని నింపినవి అప్పీళ్ల మీద హైకోర్టులు, సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులు.

అపోహ: ఎంత ఇవ్వాలన్నది జడ్జి దయ.

ఒకప్పుడు ఇందులో కొంత నిజం ఉండేది. ఒకే వయసు, ఒకే సంపాదన ఉన్న ఇద్దరు చనిపోతే ప్రమాద కేసులు వినే రెండు ట్రిబ్యునళ్లు రెండు రకాలుగా లెక్కకట్టేవి. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు ఏడాది నష్టాన్ని ఎంతతో హెచ్చించాలో చెప్పే గుణకాన్ని వయసును బట్టి ఖాయం చేసింది. 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేఠీ కేసులో అయిదుగురు జడ్జీల ధర్మాసనం దానికి ముద్ర వేసింది. నెల జీతం లేని మనిషికి కూడా రేపు సంపాదన పెరుగుతుందని ఒప్పుకుని, నలభై ఏళ్లలోపు వారికి 40 శాతం కలపమంది.

లెక్క చేసి చూద్దాం. 32 ఏళ్ల చేనేత కార్మికుడు, నెలకు 12,000 సంపాదన, ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అనుకోండి. 40 శాతం కలిపితే 16,800. అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 12,600. ఏడాదికి 1,51,200. ఆ వయసుకు గుణకం 16 కాబట్టి 24,19,200 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వంటివి దీనికి అదనం. ఆ 40 శాతం కలపకపోతే ఇదే లెక్క 17,28,000 దగ్గర ఆగిపోతుంది. ఒక్క తీర్పు తెలియక రాజీకి కూర్చున్న కుటుంబం దాదాపు ఏడు లక్షలు వదులుకుంటుందన్నమాట.

అపోహ: డాక్టరు సర్టిఫికెట్‌లో ఎంత శాతం రాస్తే అంత శాతమే నష్టం.

నారాయణపేటలో ఇది ముఖ్యంగా తెలియాల్సిన సంగతి. గుంత మగ్గం మీద కూర్చున్న నేతగాడు గుంతలోకి కాళ్లు వదిలి, కింది పలకలు తొక్కుతూ నేస్తాడు. ఒక కాలు పోతే సర్టిఫికెట్‌లో ఏ 50 శాతమో రాస్తారు. మగ్గానికి మాత్రం ఆ మనిషి పూర్తిగా దూరమైనట్టే. అదే దెబ్బ తగిలిన గుమాస్తా మళ్లీ కుర్చీలో కూర్చుని పని చేసుకోగలడు. ఒంటికి జరిగిన నష్టం వేరు, బతుకుదెరువుకు జరిగిన నష్టం వేరని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో విడమరిచి చెప్పింది. కార్మికుల పరిహార చట్టం కింద ఈ ఆలోచన ఇంకా పాతది. 1975లోనే మోచేతి పైదాకా ఎడమ చెయ్యి పోయిన వడ్రంగికి నూరు శాతం నష్టంగా లెక్కకట్టారు. 2008లో కాలు పోయిన ట్యాంకర్ డ్రైవర్‌కూ, సర్టిఫికెట్ 65 శాతమే అన్నా, నూరు శాతం ఇచ్చారు.

అయితే తీర్పు ఉంది కదా అని డబ్బు దానంతట అది రాదు. డాక్టరు సాక్ష్యం చెప్పాలి. ఆ మనిషి చేసే పని ఏమిటో, అందులో కాలి అవసరం ఎంతో సాక్ష్యంలోకి రావాలి. చేనేత గుర్తింపు కార్డు, సంఘం పుస్తకం, చీరలు కొనే సేటు ఇచ్చే లెక్క ఇక్కడే పనికొస్తాయి. కింది కోర్టులో పెట్టని కాగితాన్ని హైకోర్టులో పెట్టడం చాలా కష్టం.

అపోహ: బండి మీద ముగ్గురుంటే పైసా రాదు.

ముగ్గురెక్కడం తప్పే, జరిమానా కట్టాల్సిందే. ప్రమాదానికి అదే కారణమా అన్నది వేరే ప్రశ్న. ముగ్గురు పోతున్న బైకును వెనక నుంచి కారు గుద్దిన కేసులో హైకోర్టు పది శాతం కోత పెడితే, 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆ కోత ఎత్తేసింది. మూడో మనిషి ఉండటం వల్లనే ప్రమాదం జరిగిందనో, దెబ్బ పెద్దదైందనో రుజువు కావాలంది.

అపోహ: పుణెలో ప్రమాదం జరిగితే పుణెలోనే కేసు.

పుణె లాంటి ఊళ్లకు పనికి వలసపోయే పాలమూరు ప్రాంతానికి ఈ అపోహ చేసిన నష్టం ఇంతా అంతా కాదు. కేసు వేసేవాళ్లు తాము ఉండే చోటే వేసుకోవచ్చని 166వ సెక్షన్‌లోనే ఉంది. నారాయణపేటలో జిల్లా కోర్టు 2022 జూన్‌లో వచ్చింది. గడువు మాత్రం మరవొద్దు. 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలన్న నిబంధన ఉంది. దాన్ని సవాలు చేసిన కేసుల్లో, గడువు దాటిందని పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. అది మధ్యంతరమే కాబట్టి దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు.

అపోహ: ఇంట్లో ఉండే ఆడమనిషికి సంపాదన లేదు, పరిహారమూ లేదు.

గృహిణి ఆదాయాన్ని రోజుకూలీ కనీస వేతనం కన్నా తక్కువగా లెక్కకట్టడం కుదరదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అన్నది. నారాయణపేట ఇళ్లలో కండెలు చుట్టేది, పక్క పనులు చేసేది ఆడవాళ్లేనని తెలిసి కూడా వాళ్లకు సంపాదన లేదనడం నాకైతే వింతే.

అపోహ: పై కోర్టు ఎప్పుడూ బాధితుల వైపే.

కాదు. పత్తి ఏరడానికి ట్రాలీల్లో, డీసీఎంలలో ఎక్కేవాళ్లు ఇది వినాలి. గూడ్స్ బండిలో ఊరికే ఎక్కినవాళ్లకూ బీమా వర్తిస్తుందని ఒకసారి చెప్పిన సుప్రీంకోర్టే, కొన్నేళ్లకే 2002 డిసెంబరులో ఆశారాణి కేసులో ఆ మాట తిప్పేసింది. సరుకు యజమాని సరుకుతో పాటు పోతుంటే రక్షణ ఉంది. కూలికి పోతున్నవాళ్లను బండి యజమాని ఎక్కించుకుంటే బీమా కంపెనీ చేతులెత్తేయవచ్చు. కొన్ని కేసుల్లో ముందు కట్టి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోమని కోర్టులు కంపెనీలకు చెప్పాయి గానీ, ప్రతిసారీ అలా జరుగుతుందన్న భరోసా లేదు.

అపోహ: లోక్ అదాలత్‌లో తీసుకుని, చాలకపోతే హైకోర్టుకు పోవచ్చు.

ట్రిబ్యునల్ తీర్పు మీదనైతే 90 రోజుల్లో హైకోర్టుకు పోవచ్చు, వివాదం లక్ష రూపాయలకు తగ్గకుండా ఉండాలి. కంపెనీయే ముందు అప్పీలు వేస్తే, మనకు తక్కువ వచ్చిందని క్రాస్ అబ్జెక్షన్స్ వేసుకోవచ్చు. చాలామంది వకీలు చెప్పేదాకా ఈ సంగతి అడగరు. లోక్ అదాలత్ దారి వేరు. అక్కడ రాజీకి ఒప్పుకుని సంతకం పెడితే ఆ అవార్డు మీద అప్పీలు ఉండదు. పైన వేసిన లెక్క లాంటిది ఆ సంతకానికి ముందే వేసుకోవాలి.