పాత బీరువాకు కొత్త రంగు

పిల్లలూ, మీ ఇంట్లో పాత గోడబీరువా ఉందా? మా పెదకాకాని ఇంట్లో ఉంది. మొన్న మా మనుమడు దాని లోపలి పాత రంగును గరుకు కాగితంతో బరబరా రుద్దబోతే చేయి పట్టుకొని ఆపాను. ఎందుకంటారా? పూర్వం చాలా రంగుల్లో త్వరగా ఆరాలనీ, మన్నాలనీ సీసం కలిపేవారు. ఆ పొడి నోట్లోకో, ఊపిరిలోకో పోతే పిల్లల మెదడుకు హాని. ఇంటిరంగుల్లో సీసం పదిలక్షల పాళ్లలో 90కి మించరాదనే నియమం మన దేశంలో 2017 నవంబరులోగాని అమలుకు రాలేదు!

వాణ్ణి బయటికి పంపి, రంగును నీళ్లతో తడిపి నేనే మెల్లగా రుద్దాను. తడిపితే పొడి లేవదు. చీపురు పట్టలేదు, తడిగుడ్డతోనే తుడిచాను. ఆరాక కొత్త నూనెరంగు వేశాను. నూనెరంగు ఆరటమంటే తడి ఇగరటమొక్కటే కాదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని గట్టిపడుతుంది. అందుకే తలుపులు బార్లా తెరిచి ఉంచాం. వారం రోజులు ఊరగాయ జాడీలన్నీ మంచం కిందే!