చలిలో తడబడిన తూటా

బొంగరం ఆడిన బాల్యం కలవారికి ఒక సంగతి జ్ఞాపకం ఉండకపోదు. తాడు చుట్టి విసిరిన బొంగరం మొదట కొంచెం తూలి, పిదప మేకుపై నిటారుగా నిలుస్తుంది. వేగం తగ్గగానే తల తిప్పుతూ నేలకు ఒరుగుతుంది. టొరంటోలోనో, మాంట్రియల్‌లోనో పెరుగుతున్న పిల్లలకు ఆ ఆట తెలియకపోవచ్చు. కాని కెనడియన్ ఫుట్‌బాల్ పోటీలో చేయి తిరిగిన ఆటగాడు విసిరిన కోలబంతి గిరగిర తిరుగుతూ ముక్కు ముందుకు పెట్టి దూసుకుపోవడం వారు చూసే ఉంటారు. తూటా గమనంలోని రహస్యమూ ఇదే.

అసలు తూటాకు ఈ తిరుగుడు ఎందుకు? బాణాన్ని చూడండి. దాని బరువు ఇనుప ములికి వద్ద, ఈకలు తోక వద్ద ఉంటాయి. బాణం ఏ మాత్రం పక్కకు ఒరిగినా గాలి ఆ ఈకలను నెట్టి దారికి తెస్తుంది. తూటా సంగతి దీనికి విరుద్ధం. ముక్కు సన్నన, బరువంతా వెనుక. గాలి ఒత్తిడి పనిచేసే బిందువు గురుత్వ కేంద్రానికి ముందు పడుతుంది. అందుచేత లేశమాత్రం వంగినా గాలి ఆ వంపును సరిదిద్దదు సరికదా, మరింత పెంచుతుంది. తిరుగుడు లేని తూటా పిల్లిమొగ్గలు వేయక తప్పదు.

తుపాకి గొట్టం లోపల మెలికలుగా చెక్కిన గాడులు తూటాకు ఆ తిరుగుడును ఇస్తాయి. వేగంగా తిరిగే వస్తువును ఒక వైపుకు తోస్తే దాని అక్షం అటు పడిపోదు, దానికి లంబదిశలో జరుగుతుంది. కనుక తూటా ముక్కు కూలిపోక, గాలిలో చిన్న చిన్న వలయాలు గీస్తూ సాగుతుంది. గొట్టం విడిచిన తొలి క్షణాలలో ఈ ఊగిసలాట అధికం. తిరుగుడు తగినంతగా ఉంటే క్రమంగా అణగిపోతుంది. పరిశోధకులు దారి పొడవునా కాగితపు తెరలు వరుసగా కట్టి దీనిని కనిపెట్టేవారు. రంధ్రం గుండ్రంగా ఉంటే తూటా తిన్నగా వెళ్ళినట్లు. కోలగా ఉంటే ఊగినట్లు. పొడుగాటి చీలిక పడితే అడ్డంగా తగిలినట్లు. ఇంత సులభమైన సాక్ష్యం విజ్ఞానశాస్త్రంలో అరుదు.

ఎంత తిరుగుడు చాలునన్న ప్రశ్నకు 1879లో ఆంగ్ల గణితవేత్త ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ ఒక సూత్రం కూర్చాడు. లావుతో పోల్చితే తూటా ఎంత పొడవైతే అంత బిగువైన మెలిక కావాలి. చుట్టూ ఉన్న పదార్థం ఎంత సాంద్రమైతే అంత ఎక్కువ తిరుగుడు కావాలి.

ఈ రెండవ షరతు శీతల దేశాలకు ప్రాణసంకటం. మైనస్ 40 డిగ్రీల వద్ద గాలి, 15 డిగ్రీల నాటి గాలికంటె దాదాపు నాలుగో వంతు చిక్కన. అమెరికా సైన్యం కొత్తగా చేపట్టిన రైఫిల్‌లో 14 అంగుళాలకు ఒక చుట్టు మెలిక ఉండేది. మామూలు వాతావరణంలో గురి తప్పని ఆ తూటా గడ్డకట్టే చలిలో తడబడింది. దానితో 1963లో మెలికను 12 అంగుళాలకు బిగించారు. 1980లో నాటో కూటమి మరింత పొడవైన తూటాను ప్రమాణంగా ఎన్నుకోగా, ఆ 12 అంగుళాలూ చాలలేదు. 1984లో కెనడా సైన్యం స్వీకరించిన సీ-7 రైఫిల్‌లో 7 అంగుళాలకు ఒక చుట్టు. సెకనుకు 900 మీటర్లకు మించిన వేగంతో వెలువడే ఆ తూటా నిమిషానికి 3 లక్షలకు పైగా చుట్లు తిరుగుతుంది! అలాగని తిరుగుడు ఎంత ఎక్కువైతే అంత మేలనుకోరాదు. నిటారుగా పేల్చిన ఫిరంగి గుండు అతిగా తిరిగితే, దారి కిందికి వంగినా దాని ముక్కు ఆకాశంవైపే ఉండిపోయి, చివరకు తోకతో నేలను తాకుతుంది.

పొడవు వ్యాసానికి ఆరేడు రెట్లు మించితే ఎంత తిప్పినా ప్రయోజనం స్వల్పం. అప్పుడు మరల బాణమే గతి. ఈ మార్గంలో కెనడా శాస్త్రజ్ఞుడు జెరాల్డ్ బుల్ అసాధారణ ప్రయోగాలు చేశాడు. ఒంటారియోలోని నార్త్ బేలో 1928లో జన్మించి, టొరంటో విశ్వవిద్యాలయంలో 1951లో డాక్టరేట్ పొందిన ఆయన, క్విబెక్ నగర సమీపంలోని వాల్కార్టియర్ రక్షణ పరిశోధనశాలలో పనిచేసి, పిదప మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పక్షాన బార్బడోస్ తీరంలో 16 అంగుళాల నౌకా ఫిరంగిని నిలబెట్టాడు. దాని గాడులను నున్నగా చెక్కివేయించి, తోకకు రెక్కలున్న సన్నని 'మార్ట్‌లెట్' ను తొడుగులో పెట్టి పేల్చాడు. తొడుగు దారిలో ఊడిపోయేది. రెక్కలు దిశను కాపాడేవి. అమెరికాలోని యూమా వద్ద 1966 నవంబరు 18న అటువంటి ఫిరంగి నుండి మార్ట్‌లెట్ 180 కిలోమీటర్ల ఎత్తుకు ఎగసింది. ఎగువ వాతావరణ పరిశోధనకు ఉద్దేశించిన ఆ పథకానికి 1967లో నిధులు నిలిచిపోయాయి.

అటుపై బుల్ తన విద్యను ఆయుధాలకు అంకితం చేశాడు. ఇరాక్ ప్రభుత్వం కోసం 'బాబిలోన్' అనే బృహత్ ఫిరంగిని నిర్మిస్తుండగా, 1990 మార్చి 22న బ్రస్సెల్స్‌లో తన ఇంటి గుమ్మం వద్ద తుపాకి గుండ్లకు బలయ్యాడు. హంతకులెవరో నేటికీ తేలలేదు.