కూలిన మహాదూరదర్శిని: పూర్వరూపమా, నూతన నిర్మాణమా?

ఇల్లు కూలిన గృహస్థునకు రెండు తలంపులు పుట్టును. పాత పునాదులమీఁద పాత రీతినే కట్టుకొందునా, లేక నేఁటి యవసరములకుఁ దగినట్లు క్రొత్త రీతిని నిర్మింతునా యని. ఇట్టి ప్రశ్నయే 2020వ సంవత్సరమున ఖగోళశాస్త్రజ్ఞులకుఁ గలిగెను. కరేబియను సముద్ర ప్రాంతమున, అమెరికా సంయుక్త రాష్ట్రముల పాలనలోనున్న పోర్టోరీకో ద్వీపమున, అరెసిబో పట్టణ సమీపమునఁ గల మహారేడియో దూరదర్శిని యా సంవత్సరము డిసెంబరు 1వ తేదీ యుదయమునఁ గూలిపోయెను.

ముందుగా నా యంత్ర మెట్టిదో తెలిసికొందము. కంటికిఁ గనఁబడు వెలుఁగువలెనే నక్షత్రాదులనుండి రేడియో తరంగములును వచ్చుచుండును. అవి మిగుల క్షీణములు గావున, వానిని విరివిగాఁ బ్రోవుచేసి యొక్కచోటఁ జేర్చుటకుఁ బెద్ద పళ్లెరము కావలెను. కార్నెల్ విశ్వవిద్యాలయమునకుఁ జెందిన విలియం గోర్డన్ గారి యూహ ననుసరించి, సున్నపురాతి కొండలనడుమ సహజముగ నేర్పడిన యొక గుంటలో 1,000 అడుగుల వ్యాసముగల పళ్లెరము 1963లో సిద్ధము చేయఁబడెను. అంతటి పళ్లెరమును ద్రిప్పుట యసాధ్యము. కావున దానిపై సుమారు 450 అడుగుల యెత్తున, మూఁడు స్తంభములనుండి యుక్కు త్రాళ్లతో వ్రేలాడఁదీసిన వేదికపై, తరంగములను గ్రహించు పరికరములను జరుపుచుండిరి. తుదకు నా వేదిక బరువు 900 టన్నులయ్యెను.

ఈ యంత్రము వినుటయే గాక పలుకుటయు నెఱిఁగినది. అనఁగా బలమైన రేడియో తరంగములను బంపి, గ్రహములకుఁ దగిలి మరలివచ్చు ప్రతిధ్వనిని గూడ నాలకించుచుండెను. ఇదియే రాడార్ పద్ధతి. బుధగ్రహము తన చుట్టుఁ దాను 88 దినములకుఁ గాక 59 దినములకే తిరుగుచున్నదని 1965లో నీ విధముగనే తేలినది. రసెల్ హల్స్, జోసెఫ్ టేలర్ అనువారు 1974లో నిచ్చటనే యొక జంట పల్సారును గనుఁగొని 1993లో నోబెల్ బహుమానము నొందిరి. అన్నిటికంటెను సర్వజనులకు ముఖ్యమైన పని వేఱొకటి కలదు. భూమికిఁ జేరువగ వచ్చు గ్రహశకలముల దూరమును, ఆకృతిని, మార్గమును ఈ రాడార్ మిక్కిలి నిశ్చయముగఁ గొలుచుచుండెను. ఏ శిల మనలను దాఁకునో, ఏది దాఁకకపోవునో ముందుగ నెఱుఁగుట సామాన్యమైన మేలా?

ఇట్టి యంత్ర మేల కూలెను? 2020 ఆగష్టులో నొక సహాయక త్రాడు తన తొడుగునుండి జాఱిపడి పళ్లెరమును 100 అడుగుల పొడవునఁ జీల్చెను. నవంబరులో నొక ప్రధాన త్రాడు తెగెను. మరమ్మతు చేయుట పనివారి ప్రాణములకే యపాయమని యెంచి, దానిని మెల్లగ విడఁదీయ నిశ్చయించిరి గాని, యంతలోనే వేదిక కూలెను. దైవవశమున నెవరికిని గాయము తగులలేదు. త్రాళ్ల కొనలను తొడుగులలో బిగించిన తుత్తునాగము, అనఁగా జింకు లోహము, దీర్ఘకాలపు భారముచేఁ గొంచెము కొంచెముగ సాగి పట్టు విడిచినదని 2024లో విచారణ సంఘమువారు తెలిపిరి. 2017లోని మరియా తుపాను పిమ్మట త్రాళ్లు కొంత వెలికి జాఱినట్లు కనఁబడినను, ఆ హెచ్చరిక తగినంతగ లక్ష్యపెట్టఁబడలేదు.

ఇఁక మొదటి ప్రశ్నకు వత్తము. పూర్వరూపముననే కట్టవలెననువారి వాదము త్రోసివేయఁదగినది కాదు. గుంట సిద్ధముగ నున్నది. ఆ ద్వీపవాసుల కది గర్వకారణము. అచ్చటి బాలురెందఱో దానిని జూచి శాస్త్రమునందు మక్కువ గొనిరి. అయినను పాత యంత్రమునకొక పుట్టులోప ముండెను. అది నడినెత్తినుండి 20 అంశములకు మించి ప్రక్కకుఁ జూడఁజాలదు. ఆకాశమున నధికభాగ మెన్నఁడును దాని కగపడలేదు.

ఇందుల కొక పూర్వదృష్టాంతము కలదు. అమెరికాలో గ్రీన్‌బ్యాంక్ అనుచోట 300 అడుగుల రేడియో దూరదర్శిని 1988 నవంబరు 15వ తేదీ రాత్రి కూలెను. దానిని యథారూపమునఁ గట్టలేదు. అన్ని దిక్కులకుఁ దిరుగఁగల 100 మీటర్ల క్రొత్త యంత్రమును 2000లో నెలకొల్పిరి. అది పూర్వపుదానికంటె నెన్నియో విధముల మేలైనది.

అరెసిబోకును శాస్త్రజ్ఞు లిట్టి యాలోచననే 2021లో వెల్లడించిరి. ఒక్క పెద్ద పళ్లెరమునకు బదులు పెక్కు చిన్న పళ్లెరములను వాల్చుటకు వీలైన తలముపై దగ్గఱదగ్గఱగ నమర్చి, యన్నిటి నొక్కటిగఁ బనిచేయింపవలెనని వారి సూచన. ఇది మనకు వింత కాదు. తిరుపతికిఁ జేరువనున్న గాదంకిలో 1,024 చిన్న యాంటెనాలు వరుసలుగ నిలిచి, యొక్క మహా రాడారువలె నూర్ధ్వవాయువులను శోధించుచున్నవి. పలుత్రాళ్లు పేనిన మోకు బలమెట్టిదో, యీ కూడిక బలము నట్టిదే.

చీనాలో 2016లో ముగిసిన 500 మీటర్ల పళ్లెర ముండఁగా మఱియొకటి యేల యని కొందఱడుగుదురు. అది వినఁగలదు గాని పలుకఁజాలదు. రాడారునకు వలయు ప్రేషకయంత్రము దానికి లేదు.

క్రొత్తదానికి సుమారు 45 కోట్ల డాలర్లు కావలెనని యంచనా. అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర ప్రతిష్ఠానమువారు 2022లో నచ్చట దూరదర్శినిని మరలఁ గట్టక విద్యాకేంద్రమును నెలకొల్ప నిర్ణయించిరి. విద్య మంచిదే. కాని యాకాశమునఁ దిరుగు శిల లీ నిర్ణయముకొఱకు నిలిచియుండవు గదా! కావున మా తలంపిది: రూపమును విడువవచ్చును గాని కార్యమును విడువరాదు. పాత పళ్లెరము పునరుద్ధరింపఁబడకపోయినను, ఆ రాడారునకు సాటియైనది యెచ్చటనైన వెలయవలెను.

విద్యార్థులారా! మఱియొక సంగతి మఱవకుఁడు. 900 టన్నుల వేదికను గూల్చినది పిడుగు గాదు. తొడుగులోని లోహపు స్వల్పమైన సడలింపు. క్రొత్త యంత్ర మెంత ఘనమైనను, దాని త్రాళ్లను దినదినమును బరీక్షించు కన్నులు లేనియెడల దాని గతియు నింతియే.